చుట్టాల సాయం తట్టుకున్న గుండె

నేను ఒక గుండెను. ఆటోల వెనకాల ఎర్ర రంగుతో, తమలపాకు ఆకారంలో, మధ్యలో బాణం గుచ్చి గీస్తారే, దానికీ నాకూ ఏ పోలికా లేదు. పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో సగం ఎరుపు, సగం నీలం వేసి చూపించేది కూడా నేను కాదు. నాలో నీలం ఎక్కడా లేదు. నేను పిడికిలంత కండను. కాకినాడ పక్కన ఉప్పాడలో, సుభాషిణి అనే అమ్మాయి ఛాతీలో, ఎడమ వైపుకు కాస్త వాలి, నా పని నేను చేసుకుంటూ ఉంటాను. ఒకసారి ఓటమి అంచు దాకా వెళ్ళి గెలిచి వచ్చాను. ఆ సంగతి చెప్పుకోవాలనిపించింది. మధ్యలో కొంచెం గొప్పలు పోతే మన్నించండి. మాలాంటి వాళ్ళకు మాట్లాడే అవకాశం అరుదుగా వస్తుంది.

నేను తయారైనది సుభాషిణి తల్లి వరహాలమ్మ కడుపులో. ఆమె అప్పుడు మగ్గం మీద కూర్చుని జరీ అంచులు నేసేది. నేను మొదట ఒక సన్నని గొట్టాన్ని. ఆ గొట్టం పెరుగుతూ పెరుగుతూ చోటు చాలక ఒక పక్కకు వంగింది, మెలిక తిరిగింది, లోపల గోడలు కట్టుకుని నాలుగు గదులైంది. అప్పటికి సుభాషిణికి ముఖం లేదు, వేళ్ళు లేవు. కడుపులో బిడ్డ ఉన్నట్టు వరహాలమ్మకే సరిగ్గా తెలియదు. అయినా నేను కొట్టుకోవడం మొదలుపెట్టాను. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు. నాలో ఒక కణం ఉలిక్కిపడింది. దాన్ని చూసి పక్కది ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటే ఇప్పటికీ సాగుతోంది.

మామూలు వస్తువుల్లా నేను చేతులు మారలేదు. నాకు ఒక్కతే యజమానురాలు. ఆమె నా గురించి అన్న మాటలన్నీ అబద్ధాలే. ఇంటర్ పరీక్ష పోయినప్పుడు గుండె పగిలిందని ఏడ్చింది. నేను పగల్లేదు, ఏడుపుకు కావలసిన రక్తం కూడా నేనే పంపాను. పెళ్ళిచూపుల్లో దుర్గాప్రసాద్‌ను చూసి గుండె జారిపోయిందని స్నేహితురాలికి చెప్పింది. నేను ఉన్నచోటే ఉన్నాను. ఆ కుర్రవాడు చేపలరేవుకు ఐసు వ్యాను నడుపుతాడు, నవ్వితే బుగ్గ మీద గుంట పడుతుంది. ఆ గుంటను చూసింది కళ్ళు, మురిసింది మెదడు, పేరు మాత్రం నాకు. మనుషులకు ఇదొక అలవాటు. చేయని పనులన్నీ నాకు అంటగట్టి, చేసే ఒక్క పనినీ మరిచిపోతారు.

ఆ ఒక్క పనీ చెప్పుకోవడానికి చిన్నదే. వచ్చిన రక్తాన్ని పట్టుకుని ముందుకు తోయాలి. సుభాషిణి కాకినాడలో ఒక చీరల కొట్లో పని చేసేది. రోజంతా నిలబడి, బీరువా మీది అరల్లోంచి చీరలు దించి, విప్పి, భుజాన వేసి చూపించి, కొనకుండా వెళ్ళిపోయిన వాళ్ళ వెనక మళ్ళీ మడత పెట్టడం ఆమె ఉద్యోగం. ఆ పనికి నేను సునాయాసంగా సరిపోయేదాన్ని.

దుర్గాప్రసాద్‌తో పెళ్ళయి ఆమె కడుపుతో ఉన్నప్పుడు నా పని దాదాపు సగం పెరిగింది. ఇద్దరికి నడపాలి కదా. అప్పుడు కూడా నాకు బెంగ లేదు, పైగా గర్వంగా ఉండేది. పురుటికి ఉప్పాడలో పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత కొద్ది రోజులకు నా కండలో ఏదో సడలింది.

ఎందుకు సడలిందో నాకు తెలియదు. డాక్టర్లకూ పూర్తిగా తెలియదని తర్వాత విన్నాను. కొందరు తల్లులకు కాన్పు ముందూ వెనకా అలా జరుగుతుందట. తోద్దామంటే బలం చాలేది కాదు. పంపవలసిన రక్తంలో కొంత నాలోనే మిగిలిపోయేది. నా వెనక రక్తం బారులు తీరి నిలబడేది, నా ముందు అవయవాలు చేతులు చాచి నిలబడేవి.

ఒంట్లో ఎవరికీ ఏ కబురూ చెప్పనక్కరలేదు. రక్తం ధార కొంచెం సన్నబడగానే అందరికీ తెలిసిపోయింది. ఇంట్లో ఒకరికి సుస్తీ చేసిందని తెలిసి చుట్టాలు మూటలతో దిగినట్టు, నాకు సాయం చేయడానికి అందరూ బయలుదేరారు.

ముందు నరాలు వచ్చాయి. వాటికి తెలిసిన వైద్యం ఒక్కటే, కొరడా. "తొందరగా, ఇంకా తొందరగా" అని నన్ను అదిలించాయి. ఒక్కో దెబ్బకు తక్కువ రక్తం పంపుతున్నాను కనుక ఎక్కువ దెబ్బలు కొట్టి లెక్క సరిచేయాలని వాటి ఆలోచన. తప్పు ఆలోచన కాదు. కొన్నాళ్ళు లెక్క సరిపోయింది కూడా. రక్తనాళాలు తమ వంతుగా బిగుసుకున్నాయి. కాళ్ళకూ చేతులకూ వెళ్ళేది తగ్గించి, మెదడుకు లోటు రాకుండా చూశాయి. అందుకే సుభాషిణి అరికాళ్ళు చల్లబడ్డాయి. అయితే బిగుసుకున్న గొట్టాల్లోకి తోయాలంటే నాకు శ్రమ రెట్టింపు. ఆ సంగతి వాటికి తట్టలేదు.

తర్వాత మూత్రపిండాలు. చాలా పాతకాలపు మనుషులు, మాట వినరు. వాటికి తెలిసిన కష్టాలు రెండే. రక్తం కారిపోవడం, దాహంతో ఎండిపోవడం. తమ దాకా వచ్చే ధార సన్నబడితే ఆ రెండింట్లో ఏదో ఒకటి జరిగిందనే అనుకుంటాయి. గుండె నీరసించి ఉంటుందన్న అనుమానం వాటికి రాదు. వెంటనే ఉప్పును పట్టుకున్నాయి, ఉప్పుతో నీటిని పట్టుకున్నాయి. ఒక్క చుక్క కూడా బయటికి పోనివ్వం అని భీష్మించుకు కూర్చున్నాయి. రక్తం పెరిగింది, నాలోకి ఇంకా ఎక్కువ వచ్చి పడింది.

నిజం చెప్పాలంటే మొదట్లో అదీ మేలే చేసింది. నా గోడలకు ఒక గుణం ఉంది. నిండా నింపితే సాగుతాయి, సాగినకొద్దీ గట్టిగా పిండుతాయి. ఆ గుణం వల్లే సుభాషిణి మరి కొన్ని రోజులు బిడ్డను ఎత్తుకుని తిరగగలిగింది. కాని సాగడానికి ఒక హద్దు ఉంటుంది. హద్దు దాటాక నేను పాత జాకెట్టు చేతుల్లా వదులైపోయాను. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి ఊరాయి, పాదాల్లోకి దిగాయి.

సాయానికి వచ్చిన చుట్టాలకు వండి వార్చలేక ఆ ఇంటావిడ మంచం పట్టడం మీరు చూసే ఉంటారు. నా పరిస్థితి అదే. వాళ్ళను తిట్టలేను. వాళ్ళే లేకపోతే మొదటి వారంలోనే కూలబడేదాన్ని. పొమ్మనీ అనలేను.

ఇంత జరుగుతున్నా బయట ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం వరహాలమ్మ. ఆమె ప్రేమకు వంక పెట్టలేం.

"ఒళ్ళు ఉబ్బిందేంటమ్మా ఇలాగ? పాదాలు చూడు, చెప్పులు పట్టట్లేదు" అనేది సుభాషిణి.

"బాలింత నీరే. నిన్ను కన్నప్పుడు నేనూ ఇలాగే ఉబ్బాను. నీ పెద్దమ్మయితే గుమ్మం పట్టలేదు."

"పడుకుంటే ఊపిరాడట్లేదే."

"పచ్చి ఒళ్ళు కదా మరి. గోడకానుకుని కూచో. చెవులకి గుడ్డ కట్టుకోమన్నానా, కట్టుకున్నావా?"

బాలింతకు పాలు పడాలని ఆ ఊళ్ళో సొరచేప పిట్టు పెడతారు. పథ్యంలోకి ఉప్పుచేప కాల్చి పెడతారు, వెల్లుల్లి కారం పెడతారు. వరహాలమ్మ ఇవన్నీ లోటు లేకుండా పెట్టింది. ప్రతి ముద్దలోనూ ఉప్పు. మూత్రపిండాలకు పండుగ. ఒక్క సంగతి మాత్రం ఆమెకు తెలియకుండానే నాకు కలిసివచ్చింది. బాలింత మంచినీళ్ళు ఎక్కువ తాగకూడదని ఆమె నమ్మకం. కాచి చల్లార్చిన నీళ్ళు గ్లాసులో సగానికే పోసి ఇచ్చేది. ఆ సగం గ్లాసుకు నేను ఎంతగా దణ్ణం పెట్టుకున్నానో ఆమెకు ఎప్పటికీ తెలియదు.

అప్పుడు నేనూ ఒక ప్రయత్నం చేశాను. నాకూ ఒక గొంతు ఉంది. నా గోడలు మరీ సాగినప్పుడు వాటిలోంచి ఒక పదార్థం ఊరి రక్తంలో కలుస్తుంది. "నీళ్ళు చాలు, వదిలేయండి" అని మూత్రపిండాలకు నేను పంపే కబురు అది. పంపాను, పంపుతూనే ఉన్నాను. అంత గోలలో ఎవరు వింటారు?

బిడ్డకు టీకా వేయించే రోజు వచ్చింది. కాకినాడలో పిల్లల ఆసుపత్రి మేడ మీద ఉంది. సుభాషిణి మెట్లెక్కి వెళ్ళి బల్ల మీద కూలబడింది. చంటిదాన్ని వరహాలమ్మ ఎత్తుకుంది. దుర్గాప్రసాద్ చీటీ రాయించాడు. డాక్టరమ్మ బిడ్డను తూచింది, టీకా వేసింది, ఏడుపు మాన్పింది. ఆ గదికి వచ్చే తల్లులను ఎవరూ చూడరు. అందరి కళ్ళూ బిడ్డ మీదే ఉంటాయి. ఆవిడ మాత్రం చూసింది.

"పాప బాగుంది. నీకేమైందమ్మా?"

"ఏం లేదండి. మెట్లెక్కానుగా."

"మెట్లెక్కి చాలాసేపయింది కదా. ఇంకా రొప్పుతున్నావే?"

"బాలింత కదండీ" అని వరహాలమ్మ అందుకుంది. "మా ఇంటా వంటా అందరికీ ఇంతేనండి. నీరు పడుద్ది, లాగేసుద్ది."

డాక్టరమ్మ వంగి సుభాషిణి కాలి మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది. తర్వాత చెవుల్లో పెట్టుకునే గొట్టం తెచ్చి నా మీద పెట్టింది. మామూలుగా నేను రెండు చప్పుళ్ళు చేస్తాను. ఆ రోజు మూడు చేస్తున్నాను, గుర్రం దౌడు తీసినట్టు. ఎన్నాళ్ళనుంచో అరుస్తున్నదాన్ని, ఒక మనిషి చెవి నా మీద ఆనింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "ఇటునుంచి ఇటే గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇంటికి వెళ్ళి రేపొస్తామనద్దు" అంది.

గుండె డాక్టరు పేరు సలీం. నెమ్మదస్తుడు. చల్లని జిగురు పూసి, ఒక యంత్రంతో నా బొమ్మను తెర మీదికి తెచ్చాడు. నన్ను నేను చూసుకోవడం అదే మొదటిసారి. సిగ్గేసింది. సంచీలా వేలాడుతున్నాను. రక్తపరీక్షలో నా కబురు కూడా ఆయనకు అందింది. "గుండె సాగిపోతున్నప్పుడు వదిలే పదార్థం రక్తంలో బాగా ఎక్కువగా ఉంది" అన్నాడు. మూత్రపిండాలు వినని మాట ఈయన విన్నాడు.

"గుండె బలహీనపడింది, పెద్దదయింది" అని దుర్గాప్రసాద్‌కు చెప్పాడు.

"పెద్దదైతే బలంగా ఉండాలి కదండీ?"

"లాగి లాగి సాగిపోయిన లాస్టిక్ కూడా పెద్దదవుతుంది. బలం ఉంటుందా?"

దుర్గాప్రసాద్ తల దించుకున్నాడు. ఐసు మోసీ మోసీ కాయలు కాచిన చేతులతో పరీక్ష కాగితాన్ని మడత మీద మడత పెట్టాడు. "నయమవుద్దా అండీ?" అని సుభాషిణే అడిగింది.

"కాన్పు తర్వాత వచ్చే ఈ జబ్బు చాలామందికి తగ్గుతుందమ్మా. గుండె మళ్ళీ మామూలవుతుంది. కొందరికి కాదు. నీ గుండె ఏ జట్టులో చేరుతుందో ఇప్పుడే చెప్పలేను. కొన్ని నెలలు చూద్దాం. బిడ్డకు పాలివ్వచ్చు, దానికి తగ్గ మందులే రాస్తున్నాను. ఉప్పు మాత్రం బంద్."

ఆమె చంటిదాని వైపు చూసింది. నేను పోటీలో నిలబడ్డాను. ఓడితే ఆ పిల్లకు తల్లి ఉండదు. అంతకంటే వివరంగా ఎవరూ నాకు చెప్పనక్కరలేదు.

ఒంట్లో నీరు లాగేసే మాత్ర పని మొదలుపెట్టింది. సుభాషిణి మాటిమాటికీ లేచి వెళ్ళింది. ఊపిరితిత్తుల్లో తడి తగ్గింది. ఆమె ఒకే దిండు మీద తల ఆనించి మధ్యాహ్నం కునుకు తీసింది. అయితే కొద్ది రోజుల్లో పాదాలు మళ్ళీ ఉబ్బాయి. డాక్టర్ సలీం చూసి కళ్ళజోడు తీశాడు.

"ఉప్పు మానలేదా?"

"అయ్యో, మొత్తం మానిపించేశానండి!" అంది వరహాలమ్మ. "కూరలో వెయ్యను, చారులో వెయ్యను. చప్పిడి కూడేనండి. దేవుడి మీద ఒట్టు."

"మరి ఆ చప్పిడి అన్నం ఎలా తింటోంది?"

"నోరు చచ్చిపోద్దని కాస్త ఉప్పుచేప ముక్క నంజుకోమంటన్నానండి. ఆవకాయ బద్ద ఒకటి."

"ఉప్పుచేపలో ఉప్పు ఉండదా అమ్మా?"

వరహాలమ్మ అమాయకంగా చూసింది. "అది చేప కదండీ."

దుర్గాప్రసాద్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సుభాషిణి నవ్వింది, ఆయాసంలోనే నవ్వింది. డాక్టర్ సలీం కూడా ఆపుకోలేకపోయాడు. ఆ గదిలో మనసారా నవ్వనిది వరహాలమ్మ ఒక్కతే. ఆమెకు విషయం అప్పుడే అర్థమైంది. పిల్ల బాగుపడాలని తాను కాల్చి పెట్టిన ప్రతి ముక్కా పిల్ల ఒంట్లో నీరై చేరింది. నన్ను అడిగితే ఆమెకు ఒకటే చెప్పేదాన్ని. అమ్మా, నా మూత్రపిండాలు కూడా నీలాంటివే. ప్రేమ ఎక్కువ, అందే కబురు తక్కువ.

ఆ సాయంత్రం ఎండుచేపల బుట్ట, ఆవకాయ జాడీ పక్కింటి సూరీడమ్మ అరుగు మీదికి చేరాయి.

"ఇదేంటి వరాలూ, బాలింతకి ఉప్పుచేప పెట్టకపోతే పాలెలా పడతాయే?"

"పడతన్నాయిలే. నువ్వొచ్చి చూడక్కర్లేదు."

"ఉప్పు లేని కూడు పెడతావా కూతురికి? ఊరు నవ్వుద్ది."

"నవ్వనియ్. నేనూ అదే తింటన్నాను. రా, ఓ ముద్ద పెడతాను."

సూరీడమ్మ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. వరహాలమ్మ మాత్రం నిజంగానే కూతురితో పాటు చప్పిడి తిన్నది. నిమ్మకాయ పిండింది, అల్లం దంచింది, మిరియాలు నూరింది, చింతపండును కొత్త కొత్త దారుల్లో తిప్పింది. మొదటి రోజు ముద్ద గొంతు దిగక కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషి, కొన్నాళ్ళకు మామూలు కూర నోట్లో పెట్టుకుని "ఎంత ఉప్పే తల్లీ!" అని ఉమ్మేసింది.

ఇక మిగిలిన మాత్రల గురించి చెప్పాలి. అవి నాకు బలం ఇవ్వలేదు. సాయానికి వచ్చిన చుట్టాలను మర్యాదగా కూర్చోబెట్టాయి, అంతే. ఒకటి రక్తనాళాల దగ్గరికి వెళ్ళి వాటి బిగువు సడలించింది. అదే మాత్ర, ఉప్పు పట్టుకోమంటూ మూత్రపిండాలు మొదలుపెట్టిన కేకను సగంలో ఆపింది. ఇంకొకటి నరాల చేతిలో కొరడాను పట్టుకుంది.

కొరడా ఆగినప్పుడు మొదట నాకు భయమేసింది. ఇంత నెమ్మదిగా కొడితే సరిపోతుందా అనుకున్నాను. అప్పుడు మరిచిపోయిన సుఖం ఒకటి గుర్తొచ్చింది. నాకూ రక్తం కావాలి, నాకూ ఆకలి వేస్తుంది. నా కండకు కావలసిన తిండి ఎక్కువగా అందేది రెండు దెబ్బల మధ్య నేను సడలి ఉన్న కాస్త విరామంలోనే. ఇన్నాళ్ళూ ఆ విరామమే లేదు. ఊరందరికీ అన్నం పంపుతూ నేను పస్తున్నాను. ఇప్పుడు కొట్టి, ఆగి, తిని, మళ్ళీ కొట్టాను. ఆ కాస్త విరామం కంటే పెద్ద వరం ఒంట్లో మరొకటి లేదని నా అనుభవం.

వారాలు గడిచాయి. నా గోడలు దగ్గరికి రావడం మొదలైంది. మూడో చప్పుడు పోయింది. నా వెనక బారులు తీరిన రక్తం కదిలింది. ఒక ఉదయం సుభాషిణి పాత చెప్పులు తొడుక్కుంటే అవి పట్టాయి. చంటిదానికి స్నానం చేయించి, తువ్వాలు చుట్టి, తానే లేచి నిలబడింది. "నాకియ్యవే" అని వరహాలమ్మ చేతులు చాచింది. ఆమె ఇవ్వలేదు.

మళ్ళీ జిగురు, మళ్ళీ తెర. ఈసారి నాకు సిగ్గు లేదు. డాక్టర్ సలీం తెరను చూశాడు, కొలతలు మళ్ళీ తీశాడు, పాత బొమ్మను పక్కన పెట్టుకుని చూశాడు. దుర్గాప్రసాద్ గోడకు అంటుకుపోయి ఉన్నాడు.

"ఇది నీ గుండేనా అని అనుమానంగా ఉందమ్మా" అన్నాడు. "పూర్తిగా మామూలుకు వచ్చింది. మాత్రలు నేను చెప్పేవరకూ ఆపొద్దు. మళ్ళీ బిడ్డ అనుకుంటే ముందు నా దగ్గరికి రావాలి. ఈ రెండూ మరిచిపోవద్దు."

"మాకిదొక్కతే చాలండి" అన్నాడు దుర్గాప్రసాద్, చంటిదాన్ని గట్టిగా పట్టుకుని. పట్టు మరీ బిగిసి అది కేరుమంది.

అన్నప్రాశన పెట్టుకున్నారు. వరండాలో చాప పరిచి పుస్తకం, కలం, చిన్న కత్తి, బంగారపు ఉంగరం, మగ్గం మీద ఆడే నాడె వరసగా పెట్టారు. పిల్ల ఏది పట్టుకుంటే ఆ వృత్తిలో రాణిస్తుందని నమ్మకం. బంధువులు చుట్టూ చేరి, పుస్తకమని కొందరు, ఉంగరమని కొందరు పోట్లాడుకున్నారు. పిల్లను చాప మీద బోర్లా వదిలారు. అది పుస్తకాన్ని చూడలేదు, ఉంగరాన్ని చూడలేదు. పొట్ట మీద పాక్కుంటూ అన్నిటినీ దాటుకుని, అప్పుడే పొయ్యి మీంచి దించి పెట్టిన పరవాన్నం గిన్నె వైపు సూటిగా పోయింది.

"ఓసోసి, వంటలదవుద్దే ఇది!" అని సూరీడమ్మ చప్పట్లు కొట్టింది. గిన్నె వేడిగా ఉందని గుర్తొచ్చి అందరూ ఒక్కసారి కేక వేశారు. కేక వేశారు తప్ప కదల్లేదు.

సుభాషిణి కదిలింది. వరండా ఆ చివర తాంబూలాలు సర్దుతున్న మనిషి, పళ్ళెం వదిలేసి, చాప మీంచి దూకి, నలుగురి కాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది. ఆ క్షణం నరాలు నన్ను అదిలించాయి. ఈసారి సరైన కారణానికి. నేను లేచాను. నిండా తీసుకుని, నిండా తోశాను. కాళ్ళకు పంపాను, చేతులకు పంపాను, ఊపిరికి పంపాను. ఎక్కడా తక్కువ పడలేదు. పిల్ల వేళ్ళు గిన్నె అంచు తాకేలోపు ఆమె దాన్ని ఎగరేసి భుజాన వేసుకుంది. "దొంగ ముండా! పరవాన్నం కావాలా నీకు?" అని ముద్దులాడింది. అది కిలకిలా నవ్వింది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వరహాలమ్మకు మాత్రం అప్పుడు గుర్తొచ్చింది. గాబరాగా లేచి వచ్చి కూతురి భుజం పట్టుకుంది.

"అలాగ పరిగెత్తావేంటే అమ్మడూ! గుండె ఎలాగుంది?"

సుభాషిణి పిల్ల జుట్టు సర్దుతూ, తల్లి మాట సగమే విని, తల తిప్పి చూసింది.

"ఏ గుండె?" అంది.

నేను మెల్లగా నా మామూలు వేగానికి దిగాను.